నాలుగు నుంచి ఆరు దాకా

మీరంతా ఈ రోజు వ్యాయామ విద్యలో పట్టాలు అందుకున్నారు. పొద్దున లేస్తే ట్రాక్ సూట్లో తిరిగేవాళ్ళం మనం. ఆ నల్లగౌన్లలో మీరు పడుతున్న ఉక్కపోత నాకు ఇక్కణ్ణుంచే తెలుస్తోంది. తొందరగా ముగిస్తాను.

ఇలాంటి చోట దేశం గురించీ యువత గురించీ మాట్లాడటం ఆనవాయితీ. నాకు బాగా తెలిసింది గ్రౌండు, దాని గేటు. రేపు ఆ గేటు దగ్గర ఈల పట్టుకుని నిలబడేది మీరే కాబట్టి దాని గురించే చెబుతాను.

1989లో నాకు మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు స్కూల్లో దొరికింది. ఊరి పేరు, స్కూలు పేరు వద్దులెండి. మూడంతస్తుల మేడ, కింద స్కూటర్ల షెడ్డు. అసెంబ్లీ డాబా మీద. నేను అక్కడే డ్రిల్లు చేయిస్తే కింద ఏడో తరగతిలో సీలింగ్ పెచ్చులు రాలుతున్నాయని లెక్కల మేడమ్ కబురంపేవారు. ఏడాది ఇలా గడిచాక మా కరస్పాండెంట్ గారు మునిసిపాలిటీతో మాట్లాడి, బస్టాండు వెనకున్న గ్రౌండుకి అనుమతి తెచ్చారు. వారంలో ఐదు రోజులు, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా. ఆ కాగితం చూసి నేను ఎగిరి గంతేశాను. సొంత డబ్బుతో సున్నం బస్తా కొన్నాను.

మొదటి రోజు మా పిల్లలు నలభై మంది రంగు రంగుల హౌస్ టీషర్టుల్లో వ్యాను దిగేసరికి గ్రౌండులో ఇంకో జట్టు ఆడుతోంది. ఇటుకల వికెట్లు, చెక్కపేడు బ్యాటు, సగం అరిగిన రబ్బరు బంతి. నేను ఈల ఊదాను. వాళ్ళు ఆగారు. ఎనిమిదో తొమ్మిదో చదివే కుర్రాడొకడు వచ్చి, "ఈ గ్రౌండు మీరు కొనేశారా సార్?" అన్నాడు. లేదురా, నాలుగు నుంచి ఆరు దాకా మాకిచ్చారు, అన్నాను. "మరి మేమెప్పుడు ఆడుకోవాలి?" ఆరు తర్వాత, అన్నాను. అది కార్తీకమాసం. ఐదున్నరకే పొద్దు గూకుతోంది. వాడు ఆకాశం కేసి ఒకసారి చూసి, "ఆరు తర్వాత బంతి కనపడదు సార్" అన్నాడు.

నా దగ్గర జవాబు లేక మళ్ళీ ఈల ఊదాను. వాళ్ళు ఇటుకలు తీసి వేపచెట్టు కింద పెట్టుకుని వెళ్ళిపోయారు. నేను ఆ రోజు చేసింది రూలు ప్రకారం తప్పేమీ కాదు. ముప్పై ఏళ్ళకు పైగా దాన్ని ఎవరికీ చెప్పకపోవడానికి కారణం కూడా బహుశా అదే.

ఆ మధ్య మా అబ్బాయి దగ్గరికి న్యూజెర్సీ వెళ్ళినప్పుడు రాండాల్స్ ఐలాండ్ చూపించమని పట్టుబట్టాను. అందరూ లిబర్టీ విగ్రహం చూస్తారు నాన్నా, అన్నాడు వాడు. మనకి విగ్రహాలతో ఏం పని? 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కి అమెరికా జట్టును ఎంపిక చేసిన పోటీల్లో జెస్సీ ఓవెన్స్ పరిగెత్తింది ఆ లంకలోనే. 2008 మే 31న ఉసేన్ బోల్ట్ వంద మీటర్లు 9.72 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టిందీ అక్కడే. అంతకు నాలుగు నెలల ముందు అదే లంక గురించి ఒక కోర్టు తీర్పు వచ్చింది. మీకు చెప్పాలనుకున్నది ఆ తీర్పు సంగతి.

రాండాల్స్ ఐలాండ్ న్యూయార్కులో ఈస్ట్ రివర్ మధ్యలో ఉంది. ఒక పక్క ఈస్ట్ హార్లెమ్, ఇంకో పక్క సౌత్ బ్రాంక్స్. రెండూ బీదపేటలు, రెండింటిలోనూ పిల్లల్లో ఉబ్బసం బాగా ఎక్కువ. ఈస్ట్ హార్లెమ్ నుంచి 103వ వీధి దగ్గర కాలినడక వంతెన ఎక్కితే నేరుగా లంకలో దిగుతాం. నేనూ అలాగే దిగాను. కనుచూపు మేర మైదానాలు. మన జిల్లా మొత్తం జోనల్ మీట్ ఒకే రోజు ఒకే చోట జరుపుకోవచ్చు.

2007లో ఆ నగరపాలన వాళ్ళు పాత మైదానాలను బాగు చేసి, కొత్తవి కలిపి అరవైకి పైగా చేయాలనుకున్నారు. దానికి డబ్బు కావాలి. 20 ప్రైవేటు స్కూళ్ళు ముందుకొచ్చాయి. 20 ఏళ్ళలో 5 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నాయి. బదులుగా అవి అడిగింది సెంటు భూమి కాదు. బడి వదిలాక సాయంత్రం వేళ, సుమారు మూడింట రెండు వంతుల మైదానాలు తమకే ఉండాలన్నాయి.

అందులోనే ఉంది కిటుకంతా. భూమి కబ్జా అయితే ఊరందరికీ కనిపిస్తుంది. ప్రహరీ లేస్తుంది, బోర్డు పడుతుంది, పేపర్లో వస్తుంది. గంటల కబ్జా కంటికి ఆనదు. సర్వే నంబరు మారదు, రికార్డుల్లో మునిసిపాలిటీ పేరే ఉంటుంది, పొద్దున వాకింగ్ క్లబ్బు పెద్దలు ఎప్పటిలాగే చేతులూపుకుంటూ నడుస్తుంటారు. గ్రౌండు ఇరవై నాలుగు గంటల్లో ఇరవై రెండు గంటలు అందరిదీ అని అధికారులు లెక్క చూపిస్తారు. నిజమే. కానీ చదువుకునే పిల్లాడికి ఆ ఇరవై రెండు గంటలూ నిద్రకో బడికో చీకటికో పోతాయి. వాడి చేతికి దొరికేది మిగిలిన రెండు గంటలే.

న్యూయార్కు అధికారుల వాదనను కొట్టిపారేయలేం. ఆ వేళకి లంకకి వచ్చి ఆడుతున్నది చాలామటుకు ప్రైవేటు స్కూళ్ళవాళ్ళే, ప్రభుత్వ బడులకి బస్సులు లేవు, రావడమే లేదు, ఉన్నదాన్నే కాగితం మీద పెడుతున్నాం, పైగా డబ్బు వస్తోంది, అన్నారు. నేను అధికారినైతే నేనూ అదే అందునేమో. కానీ ఈస్ట్ హార్లెమ్, సౌత్ బ్రాంక్స్ తల్లిదండ్రులు ఇంకోలా ఆలోచించారు. మా పిల్లలు రాకపోవడానికి బస్సు లేకపోవడం కారణమైతే బస్సు వెయ్యాలి గానీ, రాలేదు కదా అని 20 ఏళ్ళు తలుపు మూసేస్తారా అన్నారు. వంతెనకి ఇవతల ఉన్నవాడికి దొరకని మైదానం, మన్‌హాటన్‌లో ఎక్కడి నుంచో బస్సులో వచ్చేవాడికి రిజర్వు కావడం వాళ్ళకి మింగుడుపడలేదు. కోర్టుకెళ్ళారు.

2008 జనవరిలో జడ్జి ఆ ఒప్పందాన్ని కొట్టేశారు. బీదా గొప్పా తేడా మీద కాదు, పద్ధతి మీద. అక్కడ ఊరి భూమి వాడకంలో పెద్ద మార్పు చేయాలంటే ముందు ఆయా పేటల కమ్యూనిటీ బోర్డుల ముందు పెట్టాలి, తర్వాత బరో అధ్యక్షుడు, ప్రణాళికా సంఘం, సిటీ కౌన్సిల్. ఆ మెట్లేవీ ఎక్కకుండా పని కానిచ్చేశారు, చెల్లదు, అన్నారు. ముందు పేటవాళ్ళని అడగాల్సిందన్నమాట. ఆ తర్వాత కొత్త రూపంలో మళ్ళీ తెచ్చారు, అదీ మళ్ళీ కోర్టు మెట్లెక్కింది. మైదానాలు మాత్రం కట్టారు. నేను వెళ్ళిన రోజున అక్కడ అన్ని రకాల పిల్లలూ ఆడుతున్నారు. ఎవరు ఏ స్కూలో నాకు తెలియలేదు, తెలుసుకోబుద్ధి కూడా కాలేదు.

వాషింగ్టన్‌లో ఇదే కథ ఇంకొంచెం చిన్నగా, ఇంకొంచెం దగ్గరగా జరిగింది. జార్జ్‌టౌన్ పక్కన జెలెఫ్ రిక్రియేషన్ సెంటర్ అని ఉంది. నగరప్రభుత్వం 2009లో దాన్ని కొన్నది. మారెట్ అనే ప్రైవేటు స్కూలు సుమారు 24 లక్షల డాలర్లు పెట్టి దాన్ని బాగు చేసింది. పచ్చటి కృత్రిమ గడ్డి పరిచింది. బదులుగా పదేళ్ళపాటు ఆటల సీజన్లలో పనిదినాల సాయంత్రాలు ఆ స్కూలు జట్లకి. 2019లో ఇంకో 9 లక్షల 50 వేల డాలర్ల పనులకి మరో 9 ఏళ్ళు పొడిగించారు. దగ్గర్లోనే హార్డీ మిడిల్ స్కూల్, ప్రభుత్వ బడి. బడి గంట కొట్టాక ఆ పిల్లలు నడిచి వెళ్ళగలిగే దూరంలోనే గ్రౌండు. ఆ వేళ ఆడటానికి వీల్లేదు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. ఎవరినీ అడగకుండా, వేరే ఎవరినీ పోటీకి పిలవకుండా పొడిగించడమేమిటని గొడవ చేశారు. తప్పంతా స్కూలుదే అనడానికి నాకు నోరు రాదు. పాడుపడ్డ గ్రౌండుని బాగు చేసింది వాళ్ళే. అయితే ఒక చిక్కుంది. మట్టి గ్రౌండుగా ఉన్నన్నాళ్ళూ అందరిదీ. గడ్డి పరిచిన మర్నాటి నుంచి దానికి గేటు, బూట్ల రూలు, టైమ్ టేబుల్.

ఇవన్నీ అమెరికా కథలు, మాకెందుకు మాస్టారూ అని మీరనుకోవచ్చు. బెంగళూరుకి వద్దాం. సదాశివనగర్ వైపు ఒక లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన జాగాని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించారు. అక్కడి నివాసులు పోరాడారు. 1991లో సుప్రీంకోర్టు బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, పార్కుకని వదిలిన స్థలాన్ని అలా ఇచ్చే హక్కు మీకు లేదు, అడిగే హక్కు అక్కడ ఉండేవాళ్ళకి ఉంది అని తేల్చింది. ఆసుపత్రి మంచిదే కావచ్చు. జాగా మాత్రం దానిది కాదు. ఇదంతా భూమి గురించిన తీర్పు. గంటల గురించి ఇంత గట్టి మాట నా కంటికి ఇంకా కనపడలేదు.

విద్యాహక్కు చట్టం, 2009, ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. తర్వాత, జాగా లేని బడులు దగ్గర్లోని గ్రౌండులోనో మునిసిపల్ పార్కులోనో ఏర్పాటు చేసుకోవచ్చని వెసులుబాటు కూడా వచ్చింది. ఆ వెసులుబాటులోంచే మీలో చాలామందికి ఉద్యోగాలు రాబోతున్నాయి. మేడ మీద స్కూలు, వీధి చివర గ్రౌండు, మధ్యలో వ్యాను, వ్యాను ముందు సీట్లో మీరు.

రేపు కరస్పాండెంట్ గారు మీ చేతికి అనుమతి కాగితం ఇస్తారు. అందులో డబ్బెంతో చూడకండి, అది మీ జేబులోది కాదు. టైమెంతో చూడండి. 'మా విద్యార్థులకు మాత్రమే' అనే మాట ఉందేమో చూడండి. ఉంటే ఎదిరించి ఉద్యోగం వదులుకోమని నేను చెప్పను. నెలనెలా ఇంటికి డబ్బు పంపాల్సినవాళ్ళు మీలో సగం మంది. కానీ మనకో అవకాశం ఉంది, నాకది చాలా ఆలస్యంగా తట్టింది. మీ స్కూలు టైమ్ టేబుల్ ప్రిన్సిపాల్ గారి చేతిలో ఉంటుంది. గేమ్స్ పీరియడు పొద్దున ఏడింటికి పెట్టొచ్చు, మధ్యాహ్నం మూడింటికి పెట్టొచ్చు. బస్టాండు వెనక కుర్రాడి టైమ్ టేబుల్ ఎవరి చేతిలోనూ లేదు. వాడి బడి నాలుగింటికి వదులుతుంది, ఆరింటికి చీకటి పడుతుంది. జరగగలిగినవాళ్ళు జరగాలి. ట్యూషన్లున్నాయి, పేరెంట్స్ ఒప్పుకోరు, ఎండ అంటారు. అడిగి చూడండి. నేను అడగలేదు. అడిగితే ఒప్పుకునేవారో లేదో అందుకే నాకిప్పటికీ తెలియదు.

ఇంకోటి. టైములు రాసిన కాగితాన్ని ఫైల్లో దాచకండి, తెలుగులో పెద్దక్షరాలతో గేటుకి తగిలించండి. చాలా ఊళ్ళలో ఆ గ్రౌండు ఎవరికి ఎప్పుడు ఇచ్చారో ఆ వార్డు కౌన్సిలర్‌కి కూడా తెలియదు. తెలిస్తే అడిగేవాళ్ళు పుడతారు. అడిగితే గొడవే. ఆ గొడవ మీ ఈల దగ్గర కాకుండా మునిసిపల్ ఆఫీసు దగ్గర జరగడం మీకే మంచిది.

మన వృత్తికి పేరు తెచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు గారు గజబలుడిగా ప్రసిద్ధుడు కాకముందు విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఆయన రొమ్ము మీద ఏనుగుని ఎక్కించుకోవడం అందరికీ గుర్తుంది. ఆయన క్లాసులో ఎలాంటి పిల్లలుండేవారో ఎవరైనా రాసిపెట్టారేమో నాకు తెలియదు. నాకు అదే తెలుసుకోవాలనుంటుంది.

పోయిన కార్తీకంలో ఏదో పని మీద ఆ పాత ఊరు వెళ్ళాను. బస్సుకి టైముంది కదా అని వెనక్కి నడిచాను. వేపచెట్టు కొట్టేశారు. గ్రౌండు చిక్కిపోయింది గానీ ఉంది. ఒక వ్యాను ఆగి ఉంది, టీషర్టుల రంగులు మారాయి. అక్కడి పి.ఇ.టి. మన కాలేజీ పిల్లే, నన్ను గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చింది. గ్రౌండు మధ్యలో నిలువునా సున్నం గీత గీసింది. అటు తన స్కూలు పిల్లలు ఖోఖో ఆడుతున్నారు, ఇటు ఇటుకల వికెట్లతో క్రికెట్. మేనేజ్‌మెంటుకి తెలుసా అమ్మా అన్నాను. "ఇంకా తెలియదు సార్" అని నవ్వింది.

మేం మాట్లాడుతుండగా ఇటువైపు నుంచి కొట్టిన బంతి గీత దాటి ఖోఖో ఆడుతున్న పిల్లల మధ్యలో పడింది. ఫోరని ఒకడు, డెడ్ బాలని ఇంకొకడు. ఇద్దరూ మాకేసి చూశారు. ఆ అమ్మాయి నాకేసి చూసింది. నా బస్సు హారన్ కొడుతోంది.