ఎక్సెల్ బండికి పెద్ద క్యారియర్ కావాలా?

కోనసీమలో కొబ్బరి దింపు కాగానే చాలామంది చిన్న రైతులు కాయల్ని ఎక్సెల్ బండి మీదే అంబాజీపేట మార్కెట్‌కు చేరవేస్తారు. వెల్డింగ్ షాపులో ఇంకాస్త వెడల్పాటి క్యారియర్ బిగించుకుంటే ఒక ట్రిప్పు తగ్గుతుందన్న ఆలోచన సహజమే. కానీ క్యారియర్ పెరిగినంత మాత్రాన బండి బలం పెరగదు. టైరూ, బ్రేకూ, వెనక షాక్ అబ్జార్బరూ పాతవే. పీచుతో ఉన్న కాయ కిలోకు అటూఇటూగా తూగుతుంది. వంద కాయలంటే దాదాపు క్వింటాలు. నడిపే మనిషి బరువు దానికి అదనం. ఆ బరువు వెనక ఇరుసు దాటి ఎంత వెనక్కి జరిగితే ముందు చక్రం అంత తేలికవుతుంది. అలాంటప్పుడు వానకు తడిసిన కాలువ గట్టు మీద హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు.

ట్రిప్పులు తగ్గితే పెట్రోలు మిగులుతుంది కదా అంటారు. నిజమే. కానీ వంగిన రిమ్మూ, అరిగిన టైరూ ఆ మిగులును తినేస్తాయి, మనిషి పడితే ఇక చెప్పేదేముంది! మరి పాత క్యారియరే పాడైతే? అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. బోల్టుల చుట్టూ, వెల్డింగు అతుకుల దగ్గర గోరుతో గీకి చూడండి. పొరలు ఊడుతుంటే మార్చాల్సిందే. అప్పుడు కూడా పాత కొలతకే చేయించండి. కొంత సరుకు కాళ్ల దగ్గరి ఖాళీలో పెట్టి, తక్కినది ఇరుసుకు దగ్గరగా, కిందుగా కట్టండి. వెనక లైటూ, నంబరు ప్లేటూ కాయల చాటున పడకూడదు. అలా కట్టగా ఇంకా కాయలు మిగిలితే ఇరుగుపొరుగు కలిసి ఆటో మాట్లాడుకోవడం మేలు.