కలపకూలి గుడిసె



రజతోత్సవ సభలో పుస్తకమును గూర్చి మాటలాడవలసినవాడను, గుడిసెను గూర్చి మాటలాడ సాహసించుచున్నాను. గ్రామపు లెక్కలు వ్రాయుచు, తీరికవేళల కావ్యములు చదువుకొన్నవాడనే గాని పండితుడను గాను. అయినను లెక్కలు వ్రాయువానిని ఒక సందేహము విడువదు. ఏ పద్దులోనికిని ఎక్కని విలువల గతి యేమి?

మన హైదర్‌గూడకు చేరువనే కింగ్ కోఠీ కలదు. ఏడవ నిజాము అందు నివసించి, 1967లో అందే కన్నుమూసెను. అట్టి కట్టడముల రక్షణకు తెలంగాణములో 2017 నాటి వారసత్వ చట్టము కలదు. సంతోషమే. అయితే మన పేటల పేర్ల చివరనున్న 'గూడ' యను మాటను ఒక్కసారి తలపుడు. గూడు, గూడెము, గూడ, ఇవి యొక్క కుదుటి మాటలుగా తోచును. కోఠీకి చట్టమున చోటున్నది. గూడెమునకో?

గోదావరి పాపికొండల నడుమ పాఱుచోట ఇరుదరులను కొండరెడ్లు వసించుదురు. ఒకనాడు ఆ సీమ కొంత నైజాములో, కొంత మద్రాసు రాజధానిలో నుండెడిది. పోడు వారి వృత్తి. జీలుగు కల్లును, మామిడిటెంకల పిండియు కఱవునాళ్ల వారికి ఆధారము. ఏటి యొడ్డుననున్న వారిని కలప వర్తకము కూలీలను జేసినది. కూపులలో చెట్లను, వెదురును నఱకి ఒడ్డునకు చేర్చుట వారి పని. అటనుండి ఆ కలప తెప్పలై రాజమహేంద్రవరము చేరెడిది. వర్తకుడు ముందిచ్చిన సొమ్ము బాకీయై, ఆ బాకీ తీఱనిదై వారిని కట్టివేసినది. నైజాము కాలమున వారి నడుమ నుండి పరిశీలించిన ఫ్యూరర్ హైమెండార్ఫ్ పండితుడు 1945లో వెలువడిన గ్రంథమున ఈ సంగతులు వివరించెను.

అట్టి కూలి యిల్లెట్టిది? అడవికొయ్య నిట్టాళ్లు, చీల్చిన వెదురు తడికలు, వానిపై మట్టిపూత, మీద గడ్డికప్పు. పరుల మేడలకు దూలములు పంపినవానికి మిగిలినది తడిక.

ఈ విద్య మన కావ్యములకు క్రొత్తది కాదు. అరణ్యకాండమున లక్ష్మణుడు పంచవటిలో కుటీరము కట్టిన తీరును వాల్మీకి పూసగ్రుచ్చినట్లు చెప్పెను. మట్టిగోడలు, స్తంభములు, పొడవైన వెదుళ్లు, జమ్మికొమ్మలు, దర్భయు ఱెల్లును పఱచిన కప్పు. దానిని జూచి శ్రీరాముడు తమ్ముని కౌగిలించుకొనెను. భద్రాచలమున కనతిదూరముననున్న పర్ణశాల గ్రామమున ఆ తావని మనము మ్రొక్కుదుము. అదే గోదావరి దిగువన ఆ విద్య నెఱిగినవారు నేటికిని కలరు. వారి యింటిముందు నిలిచి చూచినవారెందరు?

పురాతన కట్టడమనుటకు 1958 నాటి కేంద్ర చట్టము నూఱేండ్ల వయసు కోరును. గడ్డికప్పును కొన్నేండ్ల కొకసారి మార్చవలసినదే. కావున ఆ కొలతకు గుడిసె యెన్నడును అందదు. కాని జపానులోని ఇసె ఆలయమును ఇరువదియేండ్ల కొకసారి క్రొత్త కొయ్యతో మఱల కట్టుదురు. 2013లో జరిగినది అఱువదిరెండవది. అక్కడ పాతది కొయ్య కాదు, చేతిపని.

పోలవరము జలాశయము 150 అడుగుల మట్టమునకు నిండవలెనన్న సుమారు లక్ష కుటుంబములు తావు మారవలసినవే. వానిలో కొండరెడ్ల గూడెములును కలవు. 2022 జూలైలో భద్రాచలమున వరద 71 అడుగులు దాటినది. ఆనకట్ట వలదని నేననుట లేదు. నీటికై యెదురుచూచు రైతు బాధ యెఱుగుదును. పునరావాసమున కాఱని కప్పు దొరకిన మేలే. వారిని గుడిసెలలోనే యుంచి మనము చూచి ముఱియుట వారసత్వము కానేరదు.

అయితే 2013 నాటి భూసేకరణ చట్టము ప్రకారము కట్టడమునకు వేఱుగా, చెట్టునకు వేఱుగా వెల కట్టుదురు. తడికగోడకు కొలత చాలును. ఏ వెదురు నెప్పుడు నఱకిన పురుగు పట్టదో యెఱిగిన ముసలివాని యెఱుకను ఏ పద్దున వ్రాయుదుము? ఊరు కదలిన పిమ్మట ఆ వెదురు చేరువనుండదు. మనుమనికి నేర్పు సందర్భ ముండదు. నీట మునుగు నది గోడ మాత్రమే కాదు.

భోపాలులోని మానవ సంగ్రహాలయమున గిరిజనుల యిండ్లను ఆరుబయట నిలిపినారు. మన నగరమున మాసబ్‌ట్యాంకు వద్ద గిరిజన మ్యూజియము కలదు. అవి చేయు పని యవి చేయును. గ్రంథాలయము చేయదగిన పని వేఱొకటి కలదు. కొండరెడ్ల మాట తెలుగే. ఇంటి యొక్కొక్క భాగమునకు వారనెడు పేరు, కట్టెడు వరుస, కూపుపనినాటి కూలియు బాకీల కథయు పెద్దలనడిగి వ్రాయించి, కొలతలతో పటము గీయించి భద్రపఱుపవలెను. చెప్పినవారు సమ్మతించిన వారి పేరు వ్రాయవలెను. పని మాని కూర్చుండినందులకు వారి దినకూలి ముందుగా చెల్లింపవలెను. ఆ యింటివారి కష్టమును మఱల ఉచితముగా కొనరాదు.

ఇట్టి దస్తర మొకటి ఈ రజతోత్సవ సంవత్సరముననే తెఱువుడని కార్యవర్గమును కోరుచున్నాను.