చేతికి తెలియాలి

మేము బరంపురంలో ఒక చేనేత సహకార సంఘానికి కార్యదర్శిగా చేస్తున్నాం. చదువు ఎనిమిదో తరగతితో సరి. సంఘం లెక్కలు రిపోర్టులో ఉన్నాయి, చూసుకోండి. మేము చేతుల గురించి చెప్తాం. అందులో మా తప్పు ఒకటుంది, అది చెప్పకుండా కూర్చోలేం.

మా సంఘంలో ఒక పెద్దాయన. నలభై ఏళ్ళ పైబడి పట్టు నేత. అచ్చు అతకాలంటే ముందు ఆయన్నే పిలిచేవారు. పక్కవాడితో కబుర్లాడుతూ, పోగుల వంక చూడకుండానే మెలిపెట్టి అతుక్కుంటూ పోయేవాడు. రెండేళ్ళ కిందట ఆయన చీరల్లో తెగిన పోగులు కనపడ్డం మొదలైంది. ఒకచోట బిగువు, ఒకచోట వదులు. రెండు నెలలు ఊరుకున్నాం. మూడో నెల కమిటీలో పెట్టి మజూరీ కోసేశాం. 'పని మీద ధ్యాస లేదు' అని రిజిస్టరులో రాసింది ఈ చెయ్యే. ఆయన పల్లెత్తు మాట అనలేదు. వేళ్ళు మొద్దుబారాయని తెలిస్తే పట్టు ఇవ్వరని భయం. చివరికి ఇంటావిడే వచ్చి చెప్పింది. "అన్నయ్యా, వేళ్ళ మధ్య పోగు ఉందో లేదో ఆయనకి తెలీడం లేదు. మొన్న పొయ్యి మీది గిన్నె పట్టుకున్నా వేడి తెలీలేదు."

షుగరు. చాలా కాలంగా ఉన్నా చూపించుకోలేదు. ముందు అరికాళ్ళు తిమ్మిరెక్కాయి, తర్వాత వేళ్ళు.

మా మనవరాలు ఫిజియోథెరపీ చదువుతోంది. "తాతయ్యా, చెయ్యి మెదడు చెప్పినట్టు చేస్తుందనుకుంటారు గానీ, చెయ్యి చెప్పేది కూడా మెదడు వినాలి" అంది. అరచేతి వైపు చర్మంలో స్పర్శ తెలిపే నరాల పోగులు సుమారు 17,000 ఉంటాయట. చీర పడుగులో పోగుల కంటే చాలా ఎక్కువ! పన్నె కొట్టబోయే ముందే ఈ దెబ్బ ఇలా తగలాలి అని మెదడు ఒక అంచనా వేసుకుంటుంది. తగిలాక వేళ్ళూ కండరాలూ పంపిన కబురుతో దాన్ని పోల్చుకుంటుంది. తేడా ఉంటే తర్వాతి దెబ్బ సరిచేస్తుంది. ఈ పోల్చే పనిలో చిన్నమెదడు ముఖ్యం. మగ్గం మీద కూర్చున్నవాడికి ఇది చెప్పక్కర్లేదు. పోగు తెగితే కంటికంటే ముందు చేతికి తెలుస్తుంది కదా.

1984లో స్వీడన్‌లో యొహాన్సన్, వెస్ట్‌లింగ్ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి చూపారు. పట్టుకున్న వస్తువు జారబోతే, మనం ఆలోచించకముందే, సెకనులో పదో వంతు లోపలే వేళ్ళు పట్టు బిగిస్తాయి. నున్నటిదైతే గట్టిగా, గరుకుదైతే తేలిగ్గా పట్టుకుంటాయి. వేళ్ళకి మత్తిచ్చి చూస్తే ఆ సర్దుబాటు పోయింది. అది వినగానే మాకు రిజిస్టరు గుర్తొచ్చింది. పట్టు పోగుని ఎంత లాగుతున్నాడో తెలియనివాడు ఎక్కువే లాగుతాడు. తెగుతుంది. అది ధ్యాస లేకపోవడం కాదు, కబురు అందకపోవడం.

ఇంగ్లండుకి చెందిన ఇయాన్ వాటర్‌మన్ అనే ఆయనకి 1971లో, 19 ఏళ్ళప్పుడు, ఏదో జబ్బు తగిలి మెడ కింద స్పర్శ పోయింది. కళ్ళు మూస్తే తన చెయ్యి ఎక్కడుందో తనకే తెలియదు. కండల్లో సత్తువ మాత్రం అలాగే ఉంది. ప్రతి కదలికనీ కళ్ళతో చూసుకుంటూ మళ్ళీ కూర్చోడం, నడవడం నేర్చుకున్నాడు. దానికి ఏళ్ళు పట్టింది. దీపం ఆరిపోతే మాత్రం పడిపోయేవాడు.

మా పెద్దాయనా అలాగే నేర్చుకున్నాడు, మెల్లిగా. పోగుని కంటితో పట్టుకుంటాడు. అచ్చు అతకడం మానేశాడు, అది కొడుకు చేస్తాడు. కుంభం అంచు చీరలు తగ్గించి సాదా అంచువి ఇస్తున్నాం.

ఒక సంగతి, ముఖ్యంగా ఆడవాళ్ళకి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు రాత్రిళ్ళు తిమ్మిరెక్కి నిద్ర లేపుతూ, చిటికెన వేలు మాత్రం బాగుంటే, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందేమో చూపించుకోండి. తొందరగా వెళ్తే చాలామందికి నయమవుతుంది. కండెలు చుట్టి చుట్టి ఇంతేలే అని ఊరుకోకండి. షుగరు ఉన్నవాళ్ళు అరికాళ్ళు కూడా చూపించుకోవాలి. మా సంఘంలో ఇప్పుడు అనుభవమున్న నేతగాడి గుడ్డలో తప్పులొస్తే మజూరీ కొయ్యడానికి ముందు చేతులు ఎలా ఉన్నాయని అడుగుతున్నాం.

కోసిన డబ్బు కమిటీ తీర్మానం చేసి తిరిగిచ్చాం. పుచ్చుకున్నాడు గానీ చాన్నాళ్ళు ఆఫీసు గుమ్మం ఎక్కలేదు. ఆయన మగ్గానికి రెండో లైటు పెట్టించాం. కరెంటు పోతే పక్క మగ్గాలు ఆడుతూనే ఉంటాయి, ఆయనది ఆగిపోతుంది. ఆ పూట నాగా రాయడం లేదు.