ఖరగ్‌పూర్ ఉక్కపోత, పెద్దవారి గది

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్‌కు వలస వచ్చి, వర్క్‌షాపులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోని వృద్ధులకు, వేసవిలో ఎండతో సమానంగా ఉక్కపోత కూడా ప్రమాదకరమే. చెమట ఆవిరైనప్పుడే శరీరం చల్లబడుతుంది; గాలిలో తేమ అధికమైతే అలా ఆవిరవడం మందగిస్తుంది, పైగా వయసు మీరినవారిలో చెమటా దాహమూ రెండూ తగ్గుతాయి గనుక, ఒంట్లో వేడి పెరిగిన సంగతి వారికే తెలియకపోవచ్చు. గాలి వేడి చర్మపు వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను, బాగా మించితే ఫ్యాను ఒక్కటే చాలదు. తడిగుడ్డతో ఒళ్లు తుడవడం అవసరమవుతుంది. పగలంతా కాగిన కాంక్రీటు కప్పు రాత్రి ఆ వేడిని గదిలోకి వదులుతుంది కాబట్టి, దానిపై తెల్లసున్నం వేయించి, పగలు పడమటి కిటికీ మూసి, బయట చల్లబడ్డాక ఎదురెదురు కిటికీలు తెరిచి, పెద్దవారి మంచాన్ని కింది అంతస్తుకు మార్చాలి.