సూదికి ముందు చెప్పవలసిన మాట

(బూర్గంపాడు పఠనాలయమున జేసిన ఉపన్యాసము)



గోదావరి యావలియొడ్డున భద్రాచలమునందు 2009వ సంవత్సరమున జరిగిన టీకాల సంగతి మీలో పలువురకు జ్ఞాపకముండును. గర్భాశయ ముఖమునకు వచ్చు క్యాన్సరును నివారించుటకని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 మొదలు 14 ఏండ్ల బాలికలకు, సుమారు 14,000 మందికి, సూదులు వేసిరి. వారిలో అనేకులు హాస్టళ్లలో నుండి చదువుకొను బిడ్డలు. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వము కలిసి నడపిన కార్యమిది. కొందఱు బాలికలు మరణింపగా 2010 ఏప్రిలులో దానిని నిలిపివేసిరి. ఆ మరణములకు టీకా కారణమని తోచదని ప్రభుత్వ విచారణ సంఘము చెప్పెను. దానిని కాదనుటకు నాయొద్ద ఆధారము లేదు; అనేక దేశములు నేటికిని వాడుచున్న మందే యది.

అయినను జనుల సందేహము తీఱలేదు. ఏల తీఱును? పరిశీలించిన 9,543 అంగీకార పత్రములలో 2,763 పత్రములపై వార్డెనులో, ప్రధానోపాధ్యాయులో చేవ్రాలు చేసియుండిరి. 1,948 పత్రములపై వేలిముద్రలే. కన్నతల్లి నడుగక వార్డెను నడిగినవారు పిమ్మట వచ్చి “మందు మంచిదే” యన్నచో ఆ తల్లి యేల వినవలెను? 2013లో పార్లమెంటు స్థాయీసంఘము పాత్ సంస్థతోపాటు పరిశోధన మండలిని, ఔషధ నియంత్రణాధికారిని గూడ తప్పుపట్టెను.

ఇది మొదటిసారియు గాదు. 1985లో హైదరాబాదు చేరువనున్న పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున నెట్-ఎన్ అను గర్భనిరోధక హార్మోను సూదిని స్త్రీలపై పరీక్షింపబూనిరి. ఇది పరీక్షయని వారికి దెలియదు. స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు పోయి విషయము విప్పిచెప్పగా పలువురు లేచిపోయిరి. 1986లో ఆ సంఘము, మఱికొందఱును సుప్రీంకోర్టు కెక్కిరి. కుటుంబ నియంత్రణలో ఆ సూదిని మూకుమ్మడిగా వాడుట తగదని 2000లో వ్యాజ్యము ముగియునాటికి ప్రభుత్వమే యొప్పుకొనెను. పదునాలుగేండ్లు పట్టినది!

ఇక నేటి మాట. డెపో అను మఱియొక హార్మోను సూదిని 1995లో ప్రభుత్వ కార్యక్రమమునకు వలదన్న ఔషధ సాంకేతిక సలహా మండలియే 2015లో సమ్మతించెను. 2017 నుండి “అంతర” పేర సర్కారు వైద్యశాలలలో దాని నుచితముగా నిచ్చుచున్నారు. అభిప్రాయము మార్చుకొనుట నేరము గాదు. ఎందుకు మారినదో పల్లెలోని స్త్రీకి తెలియవలదా? కాన్పునకు కాన్పునకు ఎడము కోరు స్త్రీకి ఈ సూది మేలు చేయగలదు. నేను దానికి శత్రువును గాను. కాని ముట్టు క్రమము తప్పును. వాడినంతకాలము ఎముకల సాంద్రత తగ్గును. మానిన పిదప గర్భము నిలుచుటకు పలు నెలలు పట్టవచ్చును. మాత్ర సరిపడకున్న రేపు మానవచ్చును. దేహమున జొచ్చిన సూదిమందును మూడు నెలలవఱకు వెనుకకు దీయు వైద్యుడు లేడు. కావున చెప్పవలసిన దంతయు సూదికి ముందే చెప్పవలెను.

మన చుట్టుపట్లనున్న కోయపల్లెలలో ఆ మాట ఏ భాషలో చెప్పుచున్నారు? వైద్యాధికారి నీ ప్రశ్న యడుగుటకు మనలో నలుగురము రేపు పోవుదము. చదువు వచ్చిన మీరు మీ యింటి స్త్రీలకు ఆ కాగితమును చదివి వినిపింపుడు. వారికి బదులు చేవ్రాలు మాత్రము చేయకుడు.