తుపాను తర్వాత మా తేనె పెట్టెలు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును పురస్కరించుకొని మనం ఈ దినోత్సవం జరుపుకొంటున్నాం. పెన్షన్ దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు చెప్పింది. నెలనెలా చేతికందే ఆ సొమ్ము కష్టకాలంలో ఒక కుటుంబానికి ఎలా అక్కరకు వచ్చిందో చెప్పమని కార్యదర్శి గారు కోరారు. అందుకే మా ఇంటి సంగతి మీ ముందుంచుతున్నాను.

మాది విజయనగరం జిల్లాలో సముద్రానికి దగ్గరి పల్లె. నేను 2012లో రిటైరయ్యాను. అంతకుముందే మా అబ్బాయి తేనెటీగల పెంపకంలో శిక్షణ పొంది, ఎనిమిది పెట్టెలతో పని మొదలుపెట్టాడు. 2014 నాటికి అవి 64 అయ్యాయి. అవి ఇటలీ జాతి ఈగలు. ఏడాదంతా ఒకేచోట ఉంచితే వాటికి మేత చాలదు. చలికాలం మొదట్లో అరకు వైపు వలిసె పూత, తర్వాత మా ప్రాంతంలో జీడిమామిడి పూత, ఆపైన నువ్వు, పొద్దుతిరుగుడు. పూత ఎక్కడుంటే అక్కడికి రాత్రిపూట వ్యానులో పెట్టెలు తరలించాలి.

ఆ ఏడాది వలిసె పూతకు పంపడానికి పెట్టెలన్నీ కొబ్బరితోటలో సిద్ధం చేసి ఉంచారు. అక్టోబరు 12 ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. మర్నాడు తోటలోకి వెళ్ళి చూస్తే చెట్లు పెట్టెల మీద పడి ఉన్నాయి. మూతలు ఎగిరిపోయాయి. చట్రాలు బురదలో కూరుకుపోయాయి. ప్రాణమున్న పెట్టెలు 15 తేలాయి. చుట్టుపక్కల జీడి, కొబ్బరి తోటలు నేలకొరగడంతో బతికిన ఈగలకు మేత కూడా లేకుండా పోయింది.

అబ్బాయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడోరోజు "నాన్నా, మిగిలినవి అమ్మేసి హైదరాబాదు పోయి ఏదో ఒక కంపెనీలో చేరతాను" అన్నాడు. కోడలు ఒప్పుకోలేదు. "మావయ్యా, ఇప్పుడు వీటిని ఎవరు కొంటారు? ఒక్క ఏడాది చూద్దామని మీరైనా చెప్పండి" అంది.

నా గ్రాట్యుటీ సొమ్ము బ్యాంకులో ఉంది. మా ఆవిడా నేనూ ఆలోచించుకున్నాం. డిపాజిట్ జోలికి పోకూడదు, అది మా వైద్యానికి. పెన్షన్‌లోంచి నెలకు మూడు వేలు, ఏడాదిన్నర పాటు ఇవ్వాలి. అప్పు చెయ్యకూడదు. ఒకేసారి కొత్త ఈగలు కొనాలని అబ్బాయికి ఉండేది. మేత లేనిచోట కొత్తవి కొని ఏం పెడతావని అడిగితే కాసేపు ఊరుకుని, నిజమే అన్నాడు.

ముందు పెట్టెలన్నీ తెరిచి చూశారు. గుడ్లు కనబడని పెట్టెలో రాణి లేనట్టు అనుమానించాలి. అలాంటివి నాలుగు తేలాయి. రాణి ఉన్న పెట్టెపై వార్తాపత్రిక కాగితం పరిచి, దానిమీద రాణి లేని పెట్టెను ఉంచారు. ఈగలు కాగితాన్ని కొరుక్కుంటూ వచ్చేలోగా వాసనలు కలిసిపోతాయి, పోట్లాట ఉండదు. అలా 15 కాస్తా 11 అయ్యాయి. తడిసి పాడైన పట్టులు తీసి పారేశారు. లేకుంటే మైనపు పురుగు పడుతుంది. పంచదార, నీళ్ళు కలిపిన పాకం సాయంత్రం పూటే పెట్టేవారు. పగలు పెడితే బలమైన పెట్టెల ఈగలు వచ్చి బలహీనమైనవాటిని దోచుకుంటాయి. నేనిచ్చిన సొమ్ములో ఎక్కువభాగం పంచదారకే పోయింది.

2015 ఫిబ్రవరిలో నిలిచిన జీడిచెట్లు పూశాయి. బలపడిన పెట్టెలను రెండేసిగా విడదీశారు. కొత్త రాణి గుడ్డు దశ నుంచి బయటికి రావడానికి 16 రోజులు, కూలి ఈగకు 21 రోజులు పడుతుంది. తొందరపడి లాభం లేదు. ఆ ఏడాది చుక్క తేనె తియ్యలేదు, అంతా ఈగలకే వదిలేశారు. ఇల్లు నా పెన్షన్ మీద, కోడలి కుట్టుమిషన్ మీద గడిచింది. 2016లో 30 పెట్టెలు, 2018 నాటికి 60 అయ్యాయి.

ఆ అక్టోబరులోనే తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటింది. అప్పటికే కోడలు ఒక నియమం పెట్టింది: పెట్టెలన్నీ ఒకే తోటలో ఉండకూడదు. సగం లోపలి ఊళ్ళో ఉంచారు. తక్కినవాటిని తాళ్ళతో బిగించి కట్టారు. ఆ రాత్రి మా ఇంట్లో అందరం నిద్రపోయాం.

తేనె గురించి రెండు ముక్కలు. పేరుకున్న తేనె కల్తీదని చాలామంది పారేస్తారు. మంచి తేనె కూడా పేరుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళలో సీసా ఉంచితే కరుగుతుంది. మధుమేహం ఉన్నవారు మాత్రం తేనె కదా అని ధీమా పడకండి, వైద్యుణ్ణి అడగండి. ఏడాది నిండని మనవలకు నాకించవద్దు.

ఇక పిల్లలకు సాయపడదలచిన మిత్రులకు నా మనవి. ఉన్నదంతా ఒకేసారి ఊడ్చి ఇవ్వనక్కరలేదు, అలాగని చేతులు ముడుచుకు కూర్చోనూ అక్కరలేదు. ఎంత ఇవ్వగలమో, ఎన్నాళ్ళు ఇవ్వగలమో ముందే చెప్పి, ఆ మాట నిలుపుకుంటే చాలు. మా అబ్బాయి ఏడాదిన్నర నిండిన నెలలో "నాన్నా, వచ్చేనెల నుంచి వద్దు" అని తనే చెప్పాడు.