పెద్దదోర్నాలలో జర్మను పాఠము

ఒక వేసవిలో శ్రీశైలయాత్ర ముగించుకొని, కనుమ దిగి, పెద్దదోర్నాల కూడలిలో మార్కాపురము బస్సు కొఱకు వేచియుంటిమి. మా ప్రక్కనే ఒక వృద్ధుడును, ఆయన మనుమరాలును హైదరాబాదు బస్సునకై నిలిచియుండిరి. పిల్ల చేతిలో జర్మను వ్యాకరణ పుస్తకము కనబడగా ఆశ్చర్యపడి పలుకరించితిమి. ఆమె హైదరాబాదులో జర్మను భాషాసాహిత్యములు ప్రధానవిషయముగా బి.ఏ. చదువుచున్నదట. మొదటి సంవత్సరము గడచినది.

మేము రేడియోవారమని తెలియగానే తాతగారు సూటిగా అడిగిరి: "అయ్యా, ఆ భాష మా పిల్లకు కూడు పెడుతుందా? ఇంకా రెండేళ్లుంది. మాన్పించి పంతులమ్మ ట్రైనింగులో చేర్పించమంటారా?"

ఇది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. అక్షరములతో ఆరంభించి మూడేండ్లలో గెటే, షిల్లరు వంటి మహాకవులను మూలములో చదువవలసిన విద్య అది. వెంటనే బదులు తోచక, "అమ్మాయీ, అన్నిటికన్న కష్టమేది?" అని పిల్లనే అడిగితిమి.

"లింగాలండీ. వాళ్లకు సూర్యుడు స్త్రీలింగం, చంద్రుడు పుంలింగం. ఆడపిల్ల నపుంసకం! మా తరగతిలో కొందరు విడ్డూరపడ్డారు. నాకు మాత్రం వింత అనిపించలేదు. మనం 'ఆవు వచ్చింది' అంటాం, 'అమ్మాయి వచ్చింది' అనీ అంటాం. క్రియ ఒకటే గదా!"

తాతగారు నవ్విరి. పిల్ల మరియొకటి చెప్పినది. "నేను దోర్నాలకు పోతున్నందున" అనునప్పుడు మన క్రియ చివర నిలుచును. ఆ భావమునే జర్మనులో "వైల్ ఇష్ నాఖ్ దోర్నాల ఫారె" అందురు. 'ఫారె' యను క్రియ అచ్చటను చివరనే నిలుచును.

అప్పుడు మాకు బదులు దొరకినది. ఈ పిల్ల మూలధనము తెలుగే. రెండు భాషలును చక్కగా వచ్చినవారు చేయగల పని యింకొకరు చేయలేరు. కాళిదాసు శాకుంతలమును విలియం జోన్సు 1789లో ఇంగ్లీషు చేసెను. ఆ ఇంగ్లీషునుండి ఫోర్‌స్టరు 1791లో జర్మను చేసెను. దానిని చదివి గెటే పరవశించెను. ఆయన 'ఫౌస్టు' నాటకపు రంగస్థల ప్రస్తావనకు మన నాటకముల ప్రస్తావనయే ప్రేరణమని విమర్శకు లందురు. జర్మను గ్రంథములును మనకు పెక్కుమారులు ఇంగ్లీషు గుండనే వచ్చినవి. చేతులు మారినకొలది నెయ్యి తరుగును గదా!

వారు మాత్రము మన భాషను నేరుగా నేర్చిరి. 1719లో భారతదేశమునకు వచ్చిన బెంజమిన్ షుల్జ్ అను మతప్రచారకుడు తెలుగు వ్యాకరణము వ్రాసెను. తరువాత 1740ల దశకమున జర్మనీలోని హాలే పట్టణమున తెలుగు పుస్తకములు అచ్చు వేయించెను. ఈ నల్లమలకే, కృష్ణకు ఆవలి అమరాబాదు గుట్టలకు 1940లో వచ్చి చెంచుల జీవితమును పరిశీలించిన ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వియన్నావాడు. జర్మను మాటలాడు దేశమువాడు. మన వైపునుండి పోవువా రేరి?

"పెద్దయ్యా," అంటిమి, "పట్టా కాగితమే కూడు పెట్టునని మేము మాట ఇయ్యలేము. బోధన, అనువాదము, జర్మనీతో వ్యవహరించు సంస్థలలో కొలువు ఉన్నవి. అవి భాష నిజముగా వచ్చినవారికే. నడుమ మానినచో ఈ యేడాది శ్రమయు వ్యర్థమగును. మీ పిల్లకు పట్టు చిక్కినది, మూడేండ్లు నిండనిండు."

ఆయన మాటలాడలేదు. ఇంతలో హైదరాబాదు బస్సు వచ్చినది.

"పోయేటప్పుడు వాళ్లేమంటారమ్మా?"

"ఔఫ్ వీడర్‌జేన్ అంటారు తాతా. మళ్లీ చూసేదాకా అని."

"పోయొస్తా అన్నట్టే గదా! మన మాటే!" అని ఆయన పిల్ల పెట్టెను తన చేతులతోనే బస్సులోనికి ఎక్కించిరి.